ఇచ్ఛా పరిమాణము - చేతి ఆటయంత్రము నేర్పు పాఠము

శ్రీ వీతరాగాయ నమః

పరిగ్రహమనగా నేమి? ఇంటనున్న వస్తువుల లెక్కయే పరిగ్రహమని సామాన్యులు తలతురు. ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థ సూత్రమున పరిగ్రహమును వస్తువునందుగాక, వస్తువుపై జీవునకు గల మూర్ఛయందు చూపెను. మూర్ఛ యనగా నిచట సొమ్మసిల్లుట కాదు. ఇది నాది, ఇది లేనిచో నాకు గతి లేదు, ఇంతకంటె మేలైనది ఇతరునికి ఉండరాదు అను మమకారపు మైకము. బీరువా నిండ నగలున్నను మూర్ఛ లేనివాడు తేలికగా నుండును. అరచేతిలో పట్టు ఆటబొమ్మ యొక్కటే యున్నను మూర్ఛ గలవాడు దాని బరువున క్రుంగును.

పూర్వాచార్యులు ఈ ధర్మమును బోధించునపుడు గోవులు, పొలములు, బంగారము మొదలగు దృష్టాంతములు చెప్పిరి. నేటి పిల్లలకు గోశాలయు తెలియదు, గాదెయు తెలియదు. కాని వారి చేతులలోనే ఒక దృష్టాంతము కలదు. అది చేతి ఆటయంత్రము. దానికి తెర యుండును, మీటలుండును, బ్యాటరీ యుండును. ఆటలు వేరుగా కొనవలెను. ఒక యంత్రమునకు తయారీదారు నిర్ణయించిన ఆయుష్షు సుమారు ఐదారేండ్లు. ఆ ఆయుష్షు నడుమనే అదే పేరుతో, కొంచెము మేలైన మరొక నమూనా అంగడికి వచ్చును. అంతట నిన్నటివరకు ముద్దుగా నున్న వస్తువు నేడు చిన్నబోవును. కొన్నవాడు కోపించును, విచారించును, మోసపోతిననును. ఆ కోపములో న్యాయమెంత, మూర్ఛ యెంత అని విడదీసి చూచుట శ్రావకునకు మిక్కిలి ప్రయోజనకరము. ఏలయన కొనువాడును గృహస్థుడే, అమ్మువాడును గృహస్థుడే. వ్రతము ఇరువురికిని కలదు.

జరిగిన చరిత్ర

జపాను దేశమున క్యోటో నగరమున 1889లో పేకముక్కల తయారీతో ఆరంభమైన నింటెండో సంస్థ, 1989లో గేమ్ బాయ్ అను చేతి ఆటయంత్రమును విడుదల చేసెను. దాని తెరకు రంగులు లేవు, వెలుగు లేదు. పోటీకి వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గియర్ యంత్రములకు రంగుల తెరలు కలవు. అయినను గేమ్ బాయే గెలిచెను. ధర తక్కువ, పెట్టె గట్టిది, నాలుగు చిన్న బ్యాటరీలతో చాల గంటలు నడచెడిది. దానిని రూపొందించిన గున్‌పే యోకోయి, బాగుగా పరీక్షకు నిలిచిన పాత పరికరములతోనే కొత్త వినోదము కల్పించవచ్చునని నమ్మినవాడు. ఉన్నదానితో సరిపెట్టుకొనుట వ్యాపారమునకు నష్టము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? గేమ్ బాయ్, దాని పిదప 1998లో వచ్చిన గేమ్ బాయ్ కలర్ కలిసి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ వచ్చెను. యంత్రము మంచిదే గాని తెరకు వెలుగు లేదు. దీపము క్రింద ఏటవాలుగా పట్టుకొని ఆడవలసి వచ్చెనని కొన్నవారు మొరపెట్టిరి. రెండేండ్లు తిరుగకముందే, 2003లో, వెలుగు గల తెరతో ఎస్.పి. అను నమూనా వచ్చెను. మొదట కొన్నవారికి సంతోషము కలుగలేదు. తమ మొర విన్నందుకు మెచ్చుకొనవలెనో, మొదటనే ఆ దీపము పెట్టనందుకు నిందించవలెనో వారికి తోచలేదు. పైగా ఎస్.పి.లో చెవిగొట్టములు తగిలించు మామూలు రంధ్రము తీసివేయబడెను. అందుకు వేరుగా ఒక పరికరము కొనవలసి వచ్చెను. ఒక చేత ఇచ్చుట, ఒక చేత తీసికొనుట ఈ వ్యాపారమున నాటినుండి నేటివరకు నడచుచున్నది.

మూడు కుప్పలు

కిరాణా వర్తకుడు గింజలు చెరిగి మంచివి, నూకలు, రాళ్ళు అని మూడు కుప్పలు చేయును. ఈ ఆటయంత్రముల విషయమై కొన్నవారు చేయు ఫిర్యాదులను గూడ మూడు కుప్పలుగా చెరగవచ్చును.

మొదటి కుప్ప న్యాయమైన నష్టము. కొన్న వస్తువు నిజముగా పనికి తక్కువయగుట ఇందు చేరును. 2009లో సోనీ సంస్థ పి.ఎస్.పి. గో అను నమూనాను విడుదల చేసెను. అంతకు ముందరి పి.ఎస్.పి. యంత్రములలో ఆటలు చిన్న బిళ్ళలపై వచ్చెడివి. గో నమూనాలో ఆ బిళ్ళ పెట్టు చోటే లేదు. ఇంటనున్న బిళ్ళల దొంతర దానికి అక్కరకు రాలేదు. అదే ఆటను మరల డబ్బిచ్చి దింపుకొనవలెను. జనులు దానిని ఆదరింపలేదు. 2011లో సోనీ దాని తయారీ నిలిపివేసెను.

నింటెండో వారి త్రీడీఎస్ చరిత్ర యింకొకటి. 2011లో వెలువడిన ఆ యంత్రమునకు 2014లో జపానులోను, 2015లో అమెరికా, ఐరోపా దేశములలోను న్యూ త్రీడీఎస్ అను నడిమి నమూనా వచ్చెను. వేగము పెరిగెను, మీటలు పెరిగెను, లోతు చూపు తెర కన్నులను వెంబడించుచు స్థిరముగా నిలిచెను. ఇవన్నియు మేలే. కాని జెనోబ్లేడ్ క్రానికల్స్ వంటి కొన్ని ఆటలు ఈ కొత్త నమూనాలో తప్ప పాతదానిలో ఆడవు. పాత యంత్రము గలవాడు ఆట పెట్టె చేతబట్టుకొని, పేరు ఒక్కటే కదా యని తెచ్చుకొని, ఇంట మొగము వ్రేలాడవేసెను. పేరులో ‘న్యూ’ అను మాట యొక్కటే భేదము. కొత్తది అను అర్థముగల మాటను వస్తువు పేరుగా పెట్టినచో, ఆ పెట్టె కొత్తదా, ఆ నమూనా కొత్తదా యని కొనువాడు ఎట్లు తెలిసికొనును? అమెరికాలో అమ్మిన పెట్టెలో చార్జరు సైతము లేదు. పాతది ఉన్నవారికి అది చాలును, లేనివారు వేరుగా కొనవలెను.

రెండవ కుప్ప ధరల హెచ్చుతగ్గులు. 2011 మార్చిలో త్రీడీఎస్ అమెరికాలో 249.99 డాలర్లకు అమ్మకమునకు వచ్చెను. అమ్మకములు ఆశించినట్లు సాగలేదు. అయిదు మాసములు నిండకముందే, ఆగస్టులో, దాని ధర 169.99 డాలర్లకు దిగెను. జపానులో 25,000 యెన్‌ల నుండి 15,000 యెన్‌లకు దిగెను. తొలుత నమ్మి కొన్నవారికి ఎనుబది డాలర్లు పోయినట్లయ్యెను. వారు కోపించిరి. అపుడు సంస్థ రెండు పనులు చేసెను. ధర తగ్గకముందే కొని, గడువులోగా తమ అంగడితో సంధానించుకొన్నవారికి ఇరువది పాత ఆటలు ఉచితముగా ఇచ్చెను. సంస్థ అధ్యక్షుడు సతోరు ఇవాతా ఆ వైఫల్యమునకు బాధ్యత వహించి తన జీతమును సగమునకు తగ్గించుకొనెను. ఇతర డైరెక్టర్లును కొంత కొంత తగ్గించుకొనిరి. ధర దించుట తప్పు కాదు. సంతలో ధర ఎక్కును, దిగును. ఈ సంగతి వర్తకులకు చెప్పనక్కరలేదు. కాని ముందు నమ్మినవాని ఖాతాలో ఏదో యొక జమ వ్రాయుట, తన ఖాతాలో ఖర్చు వ్రాసికొనుట సజ్జన లక్షణము.

మూడవ కుప్ప కేవలము పోలిక వలన పుట్టిన దుఃఖము. అన్నింటికంటె పెద్ద కుప్ప ఇదియే. 2017లో వచ్చిన స్విచ్ యంత్రమునకు 2019లో, పేరు మార్చకయే, ధర మార్చకయే, మేలైన నమూనా వచ్చెను. ముందరిది ఆటనుబట్టి రెండున్నర గంటల నుండి ఆరున్నర గంటల వరకు నడచును. కొత్తది నాలుగున్నర గంటల నుండి తొమ్మిది గంటల వరకు నడచును. ముందరి వారము కొన్నవాడు ఉడికిపోయెను. 2021 అక్టోబరులో ఓ.ఎల్.ఇ.డి. నమూనా వచ్చెను. తెర 6.2 అంగుళముల నుండి 7 అంగుళములయ్యెను, రంగులు నిగనిగలాడెను, ధర యాబది డాలర్లు పెరిగెను. వేగము మాత్రము పెరుగలేదు. అపుడు ఇద్దరు ఏడ్చిరి. పాతది గలవాడు తన తెర మసకబారినట్లు ఏడ్చెను. కొత్తదానికై కాచుకొన్నవాడు తాను ఊహించినంత కొత్తదనము లేదని ఏడ్చెను. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2022లో విడుదల చేసిన స్టీమ్ డెక్ యంత్రమునకు 2023 నవంబరులో మేలైన తెర, పెద్ద బ్యాటరీ గల నమూనా వచ్చినపుడును ఇదే తంతు జరిగెను.

ఇచట విచారింపవలసిన దొకటి కలదు. కొత్త నమూనా వచ్చిన రాత్రి, పాత యంత్రములో ఒక్క మర యైనను సడలెనా? ఒక్క ఆటయైనను చెరిగెనా? తెరలో ఒక్క చుక్కయైనను ఆరెనా? లేదు. నిన్న సంతోషమిచ్చిన వస్తువు నేడును అట్లే యున్నది. మారినది చూచువాని మనస్సు. ఉమాస్వాతి మూర్ఛ యన్నది దీనినే.

కపిలుని కథ

ఉత్తరాధ్యయన సూత్ర వ్యాఖ్యలలో కపిలుని కథ ప్రసిద్ధము. కపిలుడు శ్రావస్తికి చదువుకొన వచ్చిన బ్రాహ్మణ బాలకుడు. ఒక దాసీకన్యపై మనసుపడెను. పండుగ వచ్చెను. ఆమెకు ధనము కావలసెను. ఆ నగరమున ఒక ధనికుడు ప్రాతఃకాలమున తొలుత వచ్చి ఆశీర్వదించినవానికి రెండు మాషముల బంగారము ఇచ్చుచుండెను. ఇతరులకంటె ముందు పోవలెనని కపిలుడు అర్ధరాత్రియే బయలుదేరెను. కావలివారు దొంగయని పట్టి రాజు ముందర నిలిపిరి. కపిలుడు దాచక యున్నది చెప్పెను. రాజు మెచ్చి, నీకేమి కావలెనో కోరుకొమ్మనెను. కపిలుడు ఉద్యానవనమున కూర్చుండి ఆలోచించెను. రెండు మాషములు చాలునా? వస్త్రములకు చాలవు. నూరు నాణెములు? ఇల్లు గట్టుటకు చాలవు. వేయి? పిల్లల పెండ్లిండ్లకు చాలవు. లక్ష? కోటి? కోటికి వచ్చినను మనస్సు నిలువలేదు. అపుడతడు ఉలికిపడెను. రెండు మాషములతో తీరవలసిన పని కోటితోను తీరలేదే యని తెలిసికొనెను. అచటనే వైరాగ్యము పొందెను.

గమనింపవలసినదేమనగా, కపిలుని రాజు మోసగింపలేదు. ఎవ్వరును అతని రెండు మాషములను తీసికొనలేదు. ఇచ్చెదననిన దాతయే ఎదుటనున్నను అతడు దరిద్రుడయ్యెను. లాభము పెరిగినకొలది లోభము పెరుగునను సత్యమును ఆటయంత్రపు నమూనాలు మరల మరల ఋజువు చేయుచున్నవి. ఏడు అంగుళముల తెర గలవాడు ఎనిమిది అంగుళములకై కాచుకొనును. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చెను. దాని తెర 7.9 అంగుళములు. దానిని తెచ్చుకొన్న దినముననే దాని నడిమి నమూనా ఎన్నడు వచ్చునని యడుగువారు బయలుదేరిరి.

ఈ వ్యవహారమున నాలుగు కషాయములును పాల్గొనును. ఇంకను మేలైనది కావలెననుట లోభము. మిత్రుని చేతిలో కొత్తది, తన చేతిలో పాతది యుండరాదనుట మానము. దొరకనపుడు మండిపడుట క్రోధము. ఈ మూడును కొనువాని వైపు ఎక్కువ. నాలుగవదగు మాయ అమ్మువాని వైపు పొంచియుండును.

అమ్మువాని ధర్మము

ఒక అంగడి యనుకొందురు గాక. అది బళ్ళారి కావచ్చును, బరంపురము కావచ్చును, యానాము కావచ్చును. అంగడిలో పాత నమూనా యంత్రములు పది నిల్వ యున్నవి. వచ్చు మాసమున కొత్త నమూనా వచ్చునని తయారీదారు ప్రకటించెను. వర్తకునికి ఆ సంగతి తెలియును. ఒక చిరుద్యోగి తన కుమార్తె పుట్టినరోజునకై ఏడాది పొడుగున కూడబెట్టిన సొమ్ము జేబులో పెట్టుకొని వచ్చెను.

“ఇదే కొత్త మోడలా అండీ?” అని అతడు అడిగెను.

“ఇంతకంటె కొత్తది ఇవాళ బజారులో ఎక్కడా లేదండి,” అని వర్తకుడు బదులు చెప్పెను.

ఆ మాటలో అక్షరమైనను అబద్ధము లేదు. ఇవాళ బజారులో లేదు నిజమే. కాని ఆ మాట చెప్పిన ఉద్దేశము వచ్చు మాసపు సంగతిని కప్పిపెట్టుట. గృహస్థుని సత్యాణువ్రతమున విడువవలసిన పెద్ద అసత్యములను ఆచార్యులు పేర్కొన్నపుడు కన్యను గూర్చి, గోవును గూర్చి, భూమిని గూర్చి చెప్పు అసత్యములను ముందు నిలిపిరి. ఒట్టిపోయిన ఆవును పాడియావని అమ్ముట అందులోనిది. అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, కొనువాని సొమ్ము దానిమీదనే ఆధారపడు సంగతి యేదైనను ఆవు దోషమువంటిదే. దానిని కప్పుట మాయ. మాయ తిర్యగ్గతికి హేతువని శాస్త్రము చెప్పుచున్నది. పది యంత్రముల మీది లాభమునకు అంత వెల చెల్లించుట ఏ లెక్కప్రకారము గిట్టుబాటగును?

మరి ధర్మమైన బదులెట్టిది? “వచ్చే నెల కొత్తది వస్తుందండి. తెర పెద్దది, ధర ఎక్కువ. ఆటలు రెండింటిలోనూ అవే ఆడతాయి. అమ్మాయి పుట్టినరోజు ఆగదు కనక ఇదే తీసుకుంటానంటే నా లాభం కొంత తగ్గించుకుని ఇస్తాను. ఆగుతానంటే ఆగండి.” ఇంతే. దీనివలన ఆనాటి బేరము తప్పిపోవచ్చును. నిల్వలో రెండు యంత్రములు నష్టమునకు పోవచ్చును. ఆ నష్టము నిజమైనదే. దానిని తేలికగా మాటలాడుట వర్తకుని కష్టము నెరుగనివారి పని. అయినను ఆ నష్టము చిట్టాలో ఒక్క పంక్తి. దాచిన మాట ఆత్మకు అంటుకొని మిగిలిపోవును.

మూడవ అణువ్రతమగు అచౌర్యమునకు చెప్పబడిన అతిచారములు సైతము ఈ వ్యాపారమున కానవచ్చును. అందొకటి రాజ్య నియమములను మీరి సరకు తెచ్చుట. స్విచ్ యంత్రము 2017లో వెలువడినపుడు భారతదేశమున అధికారికముగా విడుదల కాలేదు. దిగుమతిదారుల ద్వారా వచ్చెను. సుంకము చెల్లించి, బిల్లు వ్రాసి, హామీ యెవరు ఇత్తురో కొనువానికి స్పష్టముగా చెప్పి అమ్ముట ధర్మము. సుంకము తప్పించి, బిల్లు లేక అమ్ముట వ్రతభంగము. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము బిల్లు ఇయ్యకుండుటను అనుచిత వ్యాపార పద్ధతులలో చేర్చినది. చట్టము నేడు చెప్పినదానిని ఆచార్యులు శతాబ్దముల క్రిందటనే చెప్పిరి. మరొక అతిచారము మేలు వస్తువులో నాసిరకము కలిపి, ఒకదానిని వేరొకటిగా చూపి అమ్ముట. పేరు మారక బ్యాటరీ మారిన 2019 నాటి స్విచ్ వంటి వస్తువును అమ్మునపుడు, ఇది ముందరిదా, పిదపటిదా యని పెట్టెమీది నమూనా సంఖ్య చూపి చెప్పవలెను. రెండును ఒకటే యని త్రోసిపుచ్చరాదు.

జీవదయ

కొత్తది కొని పాతదానిని అటకమీద పారవేయుటలో హింస యేమున్నదని కొందరు ప్రశ్నింతురు. యంత్రము అజీవమే. కాని దానిలోని రాగి, లిథియము, కోబాల్టు భూమిని త్రవ్వి తీసినవి. పృథ్వీకాయ, అప్‌కాయ జీవులను గూర్చి తెలిసిన శ్రావకునకు విడమరచి చెప్పనక్కరలేదు. ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్కప్రకారము 2022లో ప్రపంచమంతట పారవేయబడిన విద్యుత్తు, ఎలక్ట్రానిక్ సామగ్రి 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు సక్రమముగా సేకరింపబడి మరల ఉపయోగమునకు వచ్చినదని లెక్కకెక్కినది నూటికి 22 పాళ్ళు మాత్రమే. మిగిలినదానిలో చాల భాగము ఎక్కడనో కాలును, ఎక్కడనో కుళ్ళును. పొగ పీల్చునది బీదవాని బిడ్డ. పనిచేయుచున్న యంత్రమును కేవలము పోలికవలన మూలబెట్టుట అనర్థదండములోనికి వచ్చును. ప్రయోజనము లేని హింసనుండి తొలగుట గృహస్థునకు విధింపబడిన గుణవ్రతము.

ఆనందుని మార్గము

అట్లయిన శ్రావకుని పిల్లలు ఆటయంత్రమే ముట్టరాదా? కొత్తది కొనుటయే పాపమా? అట్లు చెప్పుట అతివాదము. ఉపాసకదశాంగ సూత్రమున ఆనంద శ్రావకుని చరిత్ర కలదు. అతడు వాణిజ్య గ్రామమున గొప్ప ధనికుడు. నాలుగు కోట్ల సువర్ణము నిధియందు, నాలుగు కోట్లు వ్యాపారమున, నాలుగు కోట్లు గృహోపకరణములలో ఉండెను. పదివేల గోవుల మందలు నాలుగు కలవు. మహావీరస్వామి ఉపదేశము విని అతడు వెంటనే సర్వము విడువలేదు. వ్యాపారము కట్టిపెట్టలేదు. ఉన్నదానికి హద్దు గీచెను. ఇంతవరకు నాది, దీనిని మించినది నాకు వలదు అనెను. పండ్లు తోముకొను పుల్ల మొదలు అన్నింటికి పరిమాణము నిర్ణయించుకొనెను. హద్దు గీచినవానికి పొరుగువాని నిధి యెంత పెరిగినను తన నిధి తరిగినట్లు తోచదు. ఇచ్ఛా పరిమాణ వ్రతపు రహస్యమిదే. సంతృప్తి వస్తువు చేతికి వచ్చినపుడు కలుగునది కాదు, హద్దు గీచినపుడు కలుగును.

ఈ మార్గమును ఇంట ఆచరించుట కష్టము కాదు. కొనకముందే హద్దు నిర్ణయింపవలెను. ఈ యంత్రము చెడువరకు, లేదా ఇన్ని సంవత్సరముల వరకు మరియొకటి లేదని పిల్లవానితో కూర్చుండి మాటలాడి వ్రాసికొనవలెను. నడుమ ఎన్ని నమూనాలు వచ్చినను ఆ వ్రాత మారదు. కొత్తది వచ్చినపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఉన్నది పనిచేయుచున్నదా? ఉన్నదానితో ఆడిన ఆటలన్నియు ముగిసినవా? ఈ కొత్తదానిని ఎవ్వరును చూడకుండినను కావలెననిపించునా? మూడవ ప్రశ్న మానకషాయమును బయటకు లాగును. హద్దు తీరి కొత్తది కొన్ననాడు, పాతది ఆడదగిన స్థితిలో నుండగనే లేని బిడ్డకు ఇయ్యవలెను. అపుడు ఒక ఇంట పరిగ్రహము తగ్గి, మరొక ఇంట ఆనందము పెరుగును.

ఇచట తండ్రులు ఒక మాట సహింపవలెను. ఏటేట చేతి ఫోను మార్చు తండ్రి, పొరుగు కొట్టువాడు కొన్నాడని మోటారుకారు మార్చు తండ్రి, “ఉన్నదానితో తృప్తిపడరా” అని కుమారునికి చెప్పినచో ఆ మాట గాలికి పోవును. “మీరు మార్చలేదా నాన్నగారూ?” అని ఆ బిడ్డ అడుగకపోవచ్చును. మనసులో అడుగును. తండ్రి తన ఫోనుకు హద్దు వ్రాసికొన్న కాగితము క్రిందనే కుమారుడు తన ఆటయంత్రపు హద్దు వ్రాయవలెను. రోజునకు నలువది యెనిమిది నిమిషముల సామాయికము ఇరువురును కలిసి చేయవలెను. ఆ సమయమున ఫోనును, ఆటయంత్రమును ఒకే అలమరలో పెట్టవలెను.

అందరును హద్దు గీచికొన్నచో వ్యాపారమెట్లు సాగునని వర్తక కుటుంబములవారు అడుగుట సహజము. ఆనందుని వ్యాపారము వ్రతము పట్టిన దినమున ఆగలేదు. చెడిన మీట మార్చుట, అరిగిన బ్యాటరీ మార్చుట, పాత యంత్రములను శుద్ధి చేసి హామీతో అమ్ముట, ఇవన్నియు బేరములే. స్విచ్ మీటలు తాకకయే కదలు జబ్బును గూర్చి ప్రపంచమంతట ఫిర్యాదులు లేచెను. అట్టి జబ్బును నిజాయితీతో బాగుచేసి యిచ్చు అంగడికి కొనుగోలుదారు తిరిగి వచ్చును. మాయతో ఒక బేరము జరుగును. నమ్మకముతో తరతరములు జరుగును.

ఆ మీటల విషయమున 2020 జూన్‌లో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వాటాదారుల సభలో కొనుగోలుదారులకు కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పెను. లోకవ్యవహారముననే ఇట్టి క్షమాపణకు చోటున్నపుడు, ఏటేట సంవత్సరీ దినమున సర్వజీవులను క్షమాపణ కోరు శ్రావకులకు అది కొత్త కాదు. అంగడి వర్తకుడు తన కొనుగోలుదారుని యెదుటను ఆ మాట పలుకగలిగిననాడు ఆ పర్వము అంగడిలోనికి వచ్చినట్లగును. కొనుగోలుదారుడును న్యాయమైన నష్టమునకు నెమ్మదిగా, బిల్లు చూపి, పరిహారము కోరవలెను. పోలికవలన పుట్టిన కోపమును మాత్రము తయారీదారుని ఖాతాలో వ్రాయరాదు. అది తన సొంత ఖాతాలోని బాకీ. తానే తీర్చుకొనవలెను.

కొత్త నమూనాలు వచ్చుచునే యుండును. తయారీదారులు మారుదురు, పేర్లు మారును, తెరలు పెరుగును. జీవుడు వానివెంట పరుగిడినంతకాలము అలసట తప్పదు. హద్దు గీచి నిలిచినవానికి ఏ నమూనాయు పాతది కాదు. చేతనున్నది చాలునని బిడ్డ నవ్వుచు ఆడుకొను ఇల్లే శ్రావకుని ఇల్లు. ఉన్నదున్నట్లు చెప్పి సరకు చేతికిచ్చు అంగడియే శ్రావకుని అంగడి. అట్టి ఇండ్లును, అట్టి అంగళ్ళును వృద్ధి పొందుగాక!

మిచ్ఛామి దుక్కడం. జై జినేంద్ర.